రాంచీ చేరిన అస్థికలు

పాత ఢిల్లీలో కశ్మీరీ గేటు దాటగానే నికల్సన్ శ్మశానవాటిక వస్తుంది. 1857లో ఈ నగరాన్ని తిరిగి పట్టుకొనే పోరులో గాయపడి మరణించిన ఆంగ్ల సేనాని పేరు దానికి పెట్టారు. అక్కడి పాత సమాధులలో అధిక భాగం తెల్లదొరలవి, దొరసానులవి, ఈ దేశపు ఎండలకూ జ్వరాలకూ తట్టుకోలేకపోయిన వారి పసిబిడ్డలవి. 1982 ఆగస్టు 18న వారి నడుమ ఖననమైన ఒక వ్యక్తి కూడా ఐరోపాలోనే పుట్టినవారు. అయితే ఆయన ఈ దేశాన్ని ఏలడానికి వచ్చినవారు కారు. 1951 నుంచి భారత పౌరులు. 1974లో పద్మభూషణ్ పురస్కారం అందుకొన్నవారు. హిందీ సాహిత్యలోకం తమవాడుగా చెప్పుకొన్న ఫాదర్ కామిల్ బుల్కే.

ఆ రోజు నేను ఢిల్లీలోనే ఉన్నాను. రఫీ మార్గ్‌లో, ఆనాడు ఐ.ఇ.ఎన్.ఎస్. భవనంగా పిలిచే పత్రికా కార్యాలయాల సముదాయంలో, నా బల్లమీద ఎప్పుడూ ఉండే నాలుగైదు పుస్తకాలలో ఆయన ఇంగ్లీషు-హిందీ నిఘంటువు ఒకటి. తెనుగు నేలనుంచి వచ్చిన విలేకరి ఉత్తరాది నాయకుణ్ణి హిందీలో ఒక ప్రశ్న అడగాలంటే, ముందు రాత్రి ఆ పుస్తకం తిరగవేయక తప్పేది కాదు. ఆ గ్రంథకర్త అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో కన్నుమూశారని పత్రికలో చదివాను. శ్మశానవాటిక మా కార్యాలయానికి ఎంతో దూరంలో లేదు. అయినా వెళ్లలేదు. పార్లమెంటులో ఏదో పని ఉన్నదనుకొన్నాను. ఆ పని ఏమిటో ఈనాడు జ్ఞాపకం లేదు. వెళ్లలేదన్న సంగతి మాత్రం జ్ఞాపకం ఉన్నది.

35 ఏళ్లు గడిచాక, 2018 మార్చిలో, ఆయన సహచరులు ఆ సమాధిని తవ్వించి అస్థికలను వెలికితీశారు. వాటిని రాంచీకి తీసుకుపోయి, ఆయన పనిచేసిన సెయింట్ జేవియర్స్ కళాశాల ఆవరణలో తిరిగి పూడ్చారు. భార్యాబిడ్డలు లేని మనిషి. కన్న ఊరు వేల మైళ్ల దూరాన. ఇన్నేళ్లకు ఆయన ఎముకలను ఇంటికి చేర్చాలన్న తపన ఎవరికి ఉంటుంది? ఇంతకీ అటువంటి మనిషికి ఇల్లు అంటే ఏది? ఈ ప్రశ్నకు జవాబు నాకు పుస్తకాలలో కాక, ఒక వృద్ధ గురువు మాటల్లో కొంత దొరికినది.

ఆయన ఉత్తర ఢిల్లీలో జెసూట్ల నివాసంలో ఉంటున్నారు. గుంటూరు జిల్లావారు. వయస్సు ఎనభై దాటినది. యేసు సభలో చేరి అరవై ఏళ్లు దాటినది. పేరు రాయవద్దని కోరినందున రాయడం లేదు. తెలుగు మాట్లాడే మనిషి కోసం ఆయనా, ఈ నగరంలో తొందర లేని మనిషి కోసం నేనూ అప్పుడప్పుడు కలుసుకొంటూ ఉంటాం.

"పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలాను బాబూ," అన్నారు ఒక సాయంత్రం. "మా అమ్మ ఆవకాయ జాడీ ఒకటి ఇచ్చి పంపింది. వెళ్లిన రోజే దాన్ని వంటశాలలో అప్పగించమన్నారు. అది నలభై మంది బల్లమీదకు వెళ్లింది. వారం తిరక్కుండా ఖాళీ జాడీ మిగిలింది. పేదరికపు వ్రతం అంటే ఏమిటో నాకు ఆనాడే అర్థమైంది. తరువాత చదివిన వేదాంతమంతా దానికి వ్యాఖ్యానమే."

పాఠకులలో చాలామందికి ఈ కథోలిక మఠజీవితపు కట్టుబాట్లు పరిచయం ఉండవు కనుక నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. యేసు సభకు 1540లో పోపు ఆమోదం లభించినది. రెండేళ్లకే ఫ్రాన్సిస్ జేవియర్ గోవాలో దిగారు. సభలో చేరిన యువకుడు మొదట రెండేళ్లు నవశిష్యుడుగా ఉంటాడు. తరువాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు స్వీకరిస్తాడు. మన తెలుగు కథోలికులు దీనిని 'మాటపట్టు' అంటారు. ఇచ్చిన మాటను జీవితాంతం పట్టుకొని ఉండటం కనుక ఆ పేరు చక్కగా అతికినది. తత్త్వశాస్త్రం, కొన్నేళ్ల బోధన, దైవశాస్త్రం ముగిశాక గురుపట్టాభిషేకం. ఆపైన కూడా ఒక శిక్షణ కాలం గడిచిన తరువాతనే తుది మాటపట్టు. చేరిన నాటినుంచి అక్కడికి చేరడానికి పదిహేనేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎక్కడ పనిచేయాలో, ఏమి చదవాలో నిర్ణయించేది ప్రొవిన్షియల్ అనే పై అధికారి. జీతం వస్తే అది ఉమ్మడి పెట్టెలోకి పోతుంది. రోజుకు రెండుసార్లు తన మనస్సును తాను పరీక్షించుకోవాలి. ఏడాదికొకసారి ప్రొవిన్షియల్ ఎదుట కూర్చుని లోపలి సంగతులు దాపరికం లేకుండా చెప్పుకోవాలి.

ఉమ్మడి పెట్టె విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లినదని ఎంతమందికి తెలుసు? ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలల్లో బోధించే మఠకన్యలూ గురువులూ తమ జీతం తమది కాదనీ, సమాజానికి చెందుతుందనీ, కనుక ఆదాయపు పన్ను మినహాయించరాదనీ వాదించారు. 1944 నాటి ఒక సర్క్యులరు వారికి అండగా ఉండేది. మద్రాసు హైకోర్టు 2019లో ఆ వాదన తోసిపుచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు అదే తీర్పును నిలబెట్టింది. జీతం ఎవరి పేర ముట్టినదో చట్టం చూస్తుంది. ఆ తరువాత అతడు దాన్ని ఎవరికి ధారపోశాడన్నది చట్టానికి పట్టదు. తీర్పు న్యాయసమ్మతమే కావచ్చు. కాని 'నాది' అన్న మాటను నిఘంటువునుంచి కొట్టివేసుకొన్న మనుషులను లెక్కించడానికి ఆధునిక రాజ్యం వద్ద గడి లేదన్న సంగతి కూడా అందులో బయటపడినది.

బుల్కే ఈ కట్టుబాటులోకి 1930లో ప్రవేశించారు. 1909 సెప్టెంబరు 1న బెల్జియంలో, ఫ్లెమిష్ భాష మాట్లాడే పశ్చిమ ఫ్లాండర్స్ ప్రాంతంలోని రామ్స్‌కపెల్ అనే పల్లెలో పుట్టారు. లూవెన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. అక్కడ చదువూ, అధికారమూ ఫ్రెంచిలో సాగుతూ, పల్లెల్లో మాట్లాడే ఫ్లెమిష్ నాటుభాషగా చులకన అవుతున్న రోజులవి. భాషా హక్కుల ఉద్యమం ఉద్ధృతంగా ఉండేది. పొరుగునున్న ఘెంట్ విశ్వవిద్యాలయం 1930లో ప్రజల భాషకు మారినది. లూవెన్ విశ్వవిద్యాలయమైతే భాషా తగవుతో 1968లో రెండుగా చీలినది. ఆ ఉద్యమపు వేడి తనతో తెచ్చుకొని 1935లో ఆయన భారతదేశం చేరారు. సభ ఆయనను ఛోటానాగ్‌పూర్‌లోని గుమ్లాకు లెక్కలు చెప్పడానికి పంపినది.

ఇక్కడి చదువుకొన్నవారు ఇంట్లో ఒక భాష, గౌరవానికి ఇంగ్లీషు వాడుకోవడం చూసి ఆయనకు తన లూవెన్ గుర్తుకు వచ్చినది. హజారీబాగ్ సమీపాన ఒక పండితుని వద్ద హిందీ, సంస్కృతం నేర్చుకొన్నారు. కర్సియాంగ్‌లో దైవశాస్త్రం చదివి 1941లో గురుపట్టం పొందారు. కలకత్తాలో సంస్కృతం ఎం.ఏ., అలహాబాదులో హిందీ ఎం.ఏ. అయినవి. పరిశోధనకు ఎంచుకొన్నది రామకథ పుట్టుక, వికాసం. ఆనాడు అలహాబాదు విశ్వవిద్యాలయంలో హిందీ సాహిత్యంమీద పరిశోధన చేసినా సిద్ధాంతగ్రంథం ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం ఉండేది. బుల్కే హిందీలోనే రాస్తానని పట్టుపట్టారు. విశ్వవిద్యాలయం నియమం సడలించినది. 1949లో పట్టం వచ్చినది. 1950లో 'రామకథ' అచ్చయినది. హిందీవారికి హిందీలో పరిశోధన చేసే దారి తెరవడానికి బెల్జియంనుంచి ఒక ఫ్లెమిష్ పల్లెటూరివాడు రావలసి వచ్చినదన్నమాట.

సంస్కృతం మహారాణి, హిందీ ఇంటి కోడలు, ఇంగ్లీషు పనిమనిషి అని ఆయన అనేవారని ప్రతీతి. ఈ సంసారంలో మన తెలుగుకు ఏ గది కేటాయించారో తెలియదు! ఆ మాటలోని హిందీ పక్షపాతాన్ని మనం ఒప్పుకోనక్కరలేదు. అయితే, ప్రజల భాషలో పాలన ఉండాలని ప్రత్యేక రాష్ట్రం తెచ్చుకొన్న మనకు ఆ పట్టుదల వెనుకనున్న ఆవేదన అర్థం కాకపోదు.

రాంచీ కళాశాలలో హిందీ, సంస్కృత శాఖకు ఆయన అధ్యక్షులయ్యారు. చెవుడు ముదిరి తరగతి గది పని కష్టమయ్యేకొద్దీ ఆయన బల్లకు మరింత అతుక్కుపోయారు. 1968లో నిఘంటువు వెలువడినది. మేటర్‌లింక్ నాటకం 'నీలపక్షి'ని హిందీలోకి తెచ్చారు. కొత్త నిబంధన అనువాదం పూర్తిచేసి, పాత నిబంధన అనువదిస్తూ ఉండగానే కాలికి గాంగ్రీన్ సోకినది. 1982 ఆగస్టు 17న, 73వ పుట్టినరోజుకు రెండు వారాల ముందు, ఈ ఢిల్లీలో మరణించారు. ఆయనను గురించి కవి సర్వేశ్వర్ దయాళ్ సక్సేనా రాసిన స్మృతివ్యాసం చాలా ఏళ్లపాటు పదో తరగతి హిందీ వాచకంలో పాఠంగా ఉన్నది. మన రాష్ట్రాలలోని కేంద్రీయ విద్యాలయాల్లో చదివిన పిల్లలకు ఆ పేరు అట్లానే తెలుసు.

నిఘంటువు రాసిన మిషనరీలు మనకు కొత్త కాదు. ఆంధ్రదేశంలో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ కూర్దూ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చారు. సంస్కృతానికి, గ్రీకు లాటిన్లకు ఉన్న చుట్టరికాన్ని 1767లోనే, విలియం జోన్సు ప్రసంగానికి రెండు దశాబ్దాలు ముందే, పారిస్ పండితులకు రాసి పంపారు. ఆయన ఉండగానే 1773లో పోపు యేసు సభనే రద్దు చేశారు. 1814లో గాని అది తిరిగి ప్రాణం పోసుకోలేదు. కూర్దూ 1779లో, తాను చేరిన సభ ఇక లేదన్న ఎరుకతోనే చనిపోయారు.

'రామకథ' విషయానికి తిరిగి వస్తే, ఆ గ్రంథపు తదనంతర చరిత్రలో ఢిల్లీకి ఒక పాత్ర ఉన్నది. వాల్మీకినుంచి బౌద్ధ జైన గాథలకు, తమిళ తెలుగు రామాయణాలనుంచి జావా, కంబోడియా కథలకు ఆ కథ ఎట్లా పాకినదో, దారిలో ఎట్లా మారినదో బుల్కే కాండల వారీగా లెక్కకట్టారు. ఎ.కె. రామానుజన్ తన 'మూడు వందల రామాయణాలు' వ్యాసానికి ఆ అంకెను బుల్కేనుంచే తీసుకొన్నారు. ఆ వ్యాసం ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థులకు పాఠ్యంగా ఉండగా 2008లో చరిత్రశాఖపై దాడి జరిగినది. నిపుణుల సంఘంలోని నలుగురిలో ముగ్గురు వ్యాసం ఉండవచ్చునన్నా, 2011 అక్టోబరులో అకడమిక్ కౌన్సిల్ దానిని తొలగించినది. 1950లో ఒక క్రైస్తవ సన్యాసి రామకథ వైవిధ్యాన్ని భక్తితో లెక్కించగా అలహాబాదు పండితులు మెచ్చి అచ్చువేశారు. అరవై ఏళ్ల తరువాత అదే లెక్క రాజధానిలో అపచారమైనది. ఈ మధ్య మారినది రామకథ కాదు.

అయితే బుల్కే ఒక్కరినే తీసి ఆకాశానికెత్తడం ఆయన జీవించిన పద్ధతికి విరుద్ధం. ఆయన గురించి నేను ఎక్కువగా మాట్లాడినప్పుడల్లా మా వృద్ధ గురువు ఒక మాట అనేవారు: "ఆయన నిఘంటువు రాస్తుంటే ఆయనకు అన్నం వండినవారెవరు, బట్టలకు డబ్బు ఇచ్చినవారెవరు, ఆయన తరగతులు తాము తీసుకొన్నవారెవరు? వారి పేర్లూ వెదకండి."

రాంచీలో ఆయన నివసించిన ఇంటికి మన్‌రేసా హౌస్ అని పేరు. ఆ ప్రాంతానికి ఆయనకంటే ముందు వచ్చిన బెల్జియన్ గురువు కాన్‌స్టాంట్ లీవెన్స్. 1885లో తోర్పా చేరి, జమీందార్లు భూములు కాజేసిన ముండాలకు కోర్టు వ్యాజ్యాల్లో అండగా నిలిచారు. 37 ఏళ్లకే, 1893లో, స్వదేశంలో క్షయతో మరణించారు. ఆ వెనుక జర్మన్ జెసూట్ జాన్ హాఫ్‌మన్. 1899 చివర బిర్సా ముండా అనుచరుల తిరుగుబాటులో సర్వదాలోని ఆయన మిషన్‌పైనా బాణాలు కురిశాయి. ఆ బాణాల అర్థం ఆయన గ్రహించినట్లున్నారు. ఆదివాసుల భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం రూపొందడంలో ఆయన తోడ్పాటు ఉన్నది. ముండా జీవిత సర్వస్వమనదగిన విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నదీ ఆయనే. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినది. జర్మనుడు కనుక శత్రుదేశీయుడని బ్రిటిష్ ప్రభుత్వం 1915లో ఆయనను దేశంనుంచి పంపివేసినది. 1928లో జర్మనీలో చనిపోయేదాకా ముండారీ మాటలు కూర్చుతూనే ఉన్నారు. ఆ సంపుటాలు ఆయన మరణానంతరం వెలువడినవి. మిగిలిన పని సహచరులు పూర్తిచేశారు.

ఆ వరుసలో కడపటి పేరు పాఠకులకు నేను గుర్తు చేయనక్కరలేదు. స్టాన్ స్వామి తిరుచిరాపల్లి జిల్లాలో 1937లో పుట్టి, 1957లో సభలో చేరారు. బెంగుళూరులోని ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌ను పదేళ్లకు పైగా నడిపి, తరువాత జార్ఖండ్ ఆదివాసుల మధ్య స్థిరపడ్డారు. రాంచీ శివార్లలోని నామ్‌కుమ్‌లో 'బగైచా' అనే కేంద్రం ఆయన నివాసం. హాఫ్‌మన్ నాటి భూచట్టం అమలు, గ్రామసభల హక్కులు, విచారణ లేకుండా జైళ్లలో మగ్గే ఆదివాసి యువకులు ఆయన పట్టించుకొన్న సంగతులు. ఆ ఖైదీల గురించి అధ్యయనం చేసి, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. భీమా కోరేగావ్ కేసులో 2020 అక్టోబరు 8న జాతీయ దర్యాప్తు సంస్థ ఆయనను అరెస్టు చేసినది. మన వరవరరావు కూడా నిందితుడైన కేసు అది. స్వామికి అప్పటికి 83 ఏళ్లు. పార్కిన్‌సన్స్ వ్యాధితో చేతులు వణికి గ్లాసు ఎత్తలేని స్థితి. బుల్కే మాదిరే చెవులు పోయినవి. నీళ్లు తాగడానికి ఒక గొట్టంకోసం కోర్టును అర్థించవలసి వచ్చినది. 2021 మేలో బొంబాయి హైకోర్టు ఎదుట వీడియోలో కనిపించినప్పుడు ఆయన కోరినది పెద్ద ఆసుపత్రి కాదు. రాంచీలో తనవాళ్ల మధ్య ఉండాలని. ఆ కోరిక తీరకుండానే 2021 జూలై 5న మరణించారు. నేరం రుజువు కాలేదు. నిర్దోషి అనీ తేలలేదు. విచారణే మొదలు కాలేదు.

'తనవాళ్లు' అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తమిళనాడులో రక్తసంబంధీకులున్న మనిషి రాంచీలో ఎవరిని తలచుకొని ఆ మాట అన్నారు? ఆయన అస్థికలను కూడా రాంచీకే చేర్చారు. లీవెన్స్ అస్థికలు నూరేళ్ల తరువాత, 1993లో, బెల్జియంనుంచి రాంచీకే వచ్చినవి. బుల్కేవి 2018లో. ఒక శత్రుదేశీయుడు, ఒక పద్మభూషణుడు, ఒక విచారణ ఖైదీ. ప్రభుత్వాలు వారికి ఇచ్చిన పేర్లు ఇవి. సభ పట్టికలో ముగ్గురి పేరు పక్కనా ఉండేవి రెండు తేదీలే: చేరినది ఎప్పుడు, మరణించినది ఎప్పుడు.

ఇంతవరకు చదివి, మిషనరీల గురించి రెండో పక్షం లేదా అని అడిగే పాఠకులు ఉంటారు. ఉన్నది. బెల్జియన్ జెసూట్లు పాకిన సర్గుజా, జష్‌పూర్ ప్రాంతాల్లోని మతాంతరీకరణలపైనే మధ్యప్రదేశ్ ప్రభుత్వం నియోగీ సంఘాన్ని వేసినది. 1956 నాటి ఆ నివేదిక ఈనాటికీ చర్చల్లో ఆయుధం. చదువు, వైద్యం, వ్యాజ్యంలో సాయం అందుకొన్న ఆదివాసి మతం మారితే అది పూర్తిగా స్వేచ్ఛానిర్ణయమా అన్న ప్రశ్నను అవహేళన చేసి తోసివేయలేము. బాణాలు వేసిన బిర్సా అనుచరుల ప్రశ్న కూడా కొంత అదే. దానికి ఎదురుప్రశ్నా ఉన్నది: భూమి పోగొట్టుకొన్నవాడి పక్షాన కోర్టు మెట్లెక్కినవారు ఆనాడు వేరెవరున్నారు?

కులం సంగతి ఇంకా చేదు. తిరుచిరాపల్లిలో కథోలికుల శ్మశానంలోనే దళితుల సమాధులను వేరుచేసే గోడ ఉన్నదన్నది బహిరంగ రహస్యం. 2022లో హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంతోని కార్డినల్ అయినప్పుడు ఆ పదవి పొందిన తొలి దళితుడని ప్రపంచమంతా రాసినది. అది గర్వించదగిన సంగతే. అంతకాలం ఎందుకు పట్టినదన్నది అడగదగిన సంగతి. మా వృద్ధ గురువును ఈ విషయం అడిగాను. ఆయన దాటవేయలేదు. "ఆవకాయ అందరం కలిసే తిన్నాం. కాని పక్కవాడి ఊరుపేరు విని, ఏ వాడవాడో అని లోపల లెక్కవేసుకొన్నవాళ్లం ఉన్నాం. నేనూ వేశాను. రోజుకు రెండుసార్లు మనస్సు పరీక్షించుకొనే మాకే అది కనబడటానికి చాలా ఏళ్లు పట్టింది," అన్నారు.

విధేయత గురించి కూడా అడిగాను. ఆయనకు తెలుగు సాహిత్యం చదవాలని కోరిక ఉండేదట. సభ లెక్కలు చదవమన్నది. లెక్కలు చదివి, ముప్పై ఏళ్లు లెక్కలు బోధించారు. అటుపైన ఢిల్లీలో పద్దులు చూడటానికి రమ్మంటే వచ్చారు. తల్లి పోయినప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నారు. వెళ్లేసరికి అన్నీ ముగిసినవి. "లెక్కలు చెప్పమని పంపిన బుల్కేను భాషవైపు వెళ్లనిచ్చారు. భాష కోరిన నన్ను లెక్కలకు పంపారు. బాధ లేదంటే అబద్ధమవుతుంది," అని నవ్వారు. "అయితే బాబూ, నా క్లాసులో కూర్చున్న పిల్లలు కొన్ని వేలమంది. వాళ్లలో ఎవరో ఒకరు తెలుగు బాగా చదివే ఉంటారు."

ఆ నవ్వులో ఓదార్పు ఎంత, నిజం ఎంత అని నేను తేల్చుకోలేకపోయాను. ఒక మనిషి కోరికను తీసుకొని బదులుగా అతనికేమీ ఇవ్వని కట్టుబాటును గొప్పదని రాయడానికి నా కలం వెనకాడుతుంది. కాని అదే కట్టుబాటు ఒక ఫ్లెమిష్ ఇంజనీరుకు ముప్పై ఏళ్లపాటు ఒక బల్ల, ఒక దీపం, రెండు పూటల తిండి ఇచ్చి, ఏమి లాభం అని అడగకుండా నిఘంటువు రాయనిచ్చినది. మన విశ్వవిద్యాలయాలు గాని, అకాడమీలు గాని ఒక్కరికైనా అంత తీరిక ఇచ్చినట్లు నాకు తెలియదు.

ఈ దేశం ఎవరిదన్న ప్రశ్న మన రాజకీయాల్లో కొంతకాలంగా గట్టిగా వినబడుతున్నది. పౌరసత్వ పత్రాలు, పుట్టిన ఊరు, తాతల మతం సాక్ష్యాలుగా అడుగుతున్నారు. ఆ గీటురాళ్లన్నిటిమీదా బుల్కే పరాయివాడే. ఆయన వద్ద ఉన్న సాక్ష్యం ఒక్కటే: 47 ఏళ్ల పని. స్టాన్ స్వామి వద్ద ఆ పత్రాలన్నీ ఉన్నవి. అవి ఆయనకు నీళ్ల గొట్టం కూడా సంపాదించి పెట్టలేకపోయినవి. రాంచీలో ఈనాడు బుల్కే పేర ఒక వీధి ఉన్నది. వెనుకటి పురూలియా రోడ్డు అది. వీధులకు పేర్లు పెట్టడం మనకు సులువు. బ్రతికి ఉన్న మనిషిని, అతడు మనవాడని గుర్తించి నిలబెట్టుకోవడమే మనకు చేతకావడం లేదు.

కిందటిసారి వెళ్లినప్పుడు మా వృద్ధ గురువు ఆ ఏటి ప్రావిన్సు పట్టిక చూపించారు. ఏటేటా అచ్చయ్యే ఆ చిన్న పుస్తకంలో ప్రతి సభ్యుని పేరు, అతనికి అప్పగించిన పని ఉంటాయి: ఫలానావారు ప్రిన్సిపాల్, ఫలానావారు వంటశాల పర్యవేక్షణ. పని చేయలేని వృద్ధులను ఖాళీగా వదలరు; 'సంఘంకోసం, సభకోసం ప్రార్థిస్తారు' అని వారి పేరు పక్కన రాస్తారు. ఆ ఏడు ఆయన పేరు పక్కన ఆ మాటలు మొదటిసారి కనిపించినవి. "ఇది పదవీవిరమణ కాదు, కొత్త ఉద్యోగం," అన్నారాయన. "దీనికి బదిలీ లేదు."

సెలవు తీసుకొని బయటకు వచ్చాక, దగ్గరే కదా అని కశ్మీరీ గేటు దాకా నడిచి వెళ్లాను. 1982లో వెళ్లవలసిన చోటికి ఇన్నేళ్లకు వెళ్లాను. ఆయన అక్కడ లేరని తెలిసే వెళ్లాను.